సర్ రొనాల్డు రాసు: వ్యాప్తిని లెక్కించిన వైద్యుడు

మలేరియా జ్వరము దోమకాటువలన వచ్చునని నేడు చిన్నతరగతి బాలుడును చెప్పగలడు. ఆ సంగతిని కనుగొన్నవాడు సర్ రొనాల్డు రాసు అనియు, కనుగొన్న చోటు మన తెలుగుదేశములోని సికిందరాబాదు అనియు పాఠ్యపుస్తకములలో వ్రాయబడియున్నది. కాని ఆయన చేసిన మఱియొక పని అంతగా ప్రసిద్ధికి రాలేదు. ఒక రోగము ఒకనినుండి ఎందఱికి సోకును, ఎట్టి పరిస్థితులలో పెరుగును, ఎప్పుడు తనంతట తానే అణగిపోవును అను ప్రశ్నలకు ఆయన గణితముతో సమాధానము వెదకెను. ఆ లెక్క నేడు రోగములకు మాత్రమే గాక, సెల్‌ఫోనుల ద్వారా వార్తలును వదంతులును ఎట్లు వ్యాపించునో కొలుచుటకు గూడ ఆధారమైనది. సెల్‌ఫోను లేని ఇల్లు అరుదైన ఈ కాలమున ఆయన చరిత్రమును ఈ రెండవ దృష్టితో గూడ చదువుట మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును మేలని తలంచి దీనిని వ్రాయుచున్నాను.

జననము, విద్యాభ్యాసము

రాసు 1857వ సంవత్సరము మే నెల 13వ తేదీన హిమాలయ ప్రాంతమందలి అల్మోడాలో జన్మించెను. ఉత్తర హిందూస్థానమున సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు దినములే అయినది. తండ్రి సైన్యములో ఉద్యోగి. తరువాత సేనాని పదవి నందినవాడు. పదిమంది సంతానములో రొనాల్డు పెద్దవాడు. ఎనిమిదవ యేట ఆయనను ఇంగ్లాండునకు పంపి బంధువుల ఇంట నుంచి చదివించిరి. బాలునకు చిత్రలేఖనమందును, కవిత్వమందును, సంగీతమందును, గణితమందును ప్రీతి మెండు. వైద్యమన్న నంతగా ఇష్టము లేదు. అయినను తండ్రి కోరిక కాదనలేక లండనులోని సెయింట్ బార్తలోమ్యూ వైద్యశాలలో విద్యార్థిగా చేరెను. మనసు పుస్తకములమీద లేకపోవుటచే పరీక్షలలో గొప్పగా రాణింపలేదు. ఒక పరీక్ష తప్పి, కొంతకాలము అట్లాంటికు సముద్రముపై పోవు ఓడలలో వైద్యుడుగా పనిచేసి, మరల చదివి కృతార్థుడై 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసున చేరెను. మద్రాసు రాజధానికి సంబంధించిన ఉద్యోగము లభించెను.

తొలి సంవత్సరములలో ఆయనకు పని తక్కువ, తీరిక ఎక్కువ. ఆ తీరికను ఆయన వృథా పుచ్చలేదు. పద్యములు వ్రాసెను, నవలలు వ్రాసెను, గణితగ్రంథములను గురువు లేకయే చదువుకొనెను. ఆ గణితము ఇరువది యేండ్ల పిమ్మట ఎంత అక్కఱకు వచ్చునో అప్పుడు ఆయనకే తెలియదు.

1883లో బెంగుళూరునందుండగా ఒక చిన్న సంగతి జరిగెను. ఆయన నివసించిన బంగళాలో దోమల బాధ మిక్కుటముగ నుండెను. కారణము వెదకగా కిటికీ చెంత నీటితొట్టి యొకటి కనబడెను. అందు దోమపిల్లలు గుంపులుగా ఈదులాడుచుండెను. తొట్టిని బోర్లించినంతనే దోమలు తగ్గిపోయెను. ఈ సంగతిని ఆ దండులోని యొక అధికారితో చెప్పి, అన్ని తొట్లను బోర్లింపుడని కోరగా, అతడు దానిని లెక్కచేయలేదట. రాసు మాత్రము ఆ తొట్టిని మరచిపోలేదు.

సికిందరాబాదునందు

1880లో లావెరాన్ అను ఫ్రెంచి సైనికవైద్యుడు మలేరియా రోగి రక్తములో సూక్ష్మజీవులను చూచియుండెను. అవి ఒకని శరీరమునుండి మఱియొకని శరీరమునకు ఎట్లు పోవునో ఎవరికిని తెలియదు. చిత్తడినేలలనుండి లేచు చెడుగాలియే కారణమని లోకము నమ్మియుండెను. రాసు 1894లో సెలవుమీద లండనునకు పోయినపుడు పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు ఆ జీవులను సూక్ష్మదర్శినిలో చూపి, దోమయే వాహకము కావచ్చునను తన ఊహను తెలిపెను. ఊహ మాన్సన్‌ది; దానిని పరీక్షించు శ్రమ రాసుది.

1895లో ఆయన సికిందరాబాదునకు వచ్చి పని మొదలుపెట్టెను. మధ్యలో బెంగుళూరునందు విషూచి వ్యాపింపగా అచటికి పంపబడెను. ఉదకమండలము దాపున మలేరియాను పరిశీలింపబోయి తానే జ్వరపీడితుడయ్యెను. 1897 జూన్ నెలలో మరల సికిందరాబాదు చేరెను. బేగంపేటలోని చిన్న వైద్యశాలయే ఆయన ప్రయోగశాల. అది ఎండతీవ్రమైన కాలము. పంకా విసరించుకొందమన్న బల్లపై నున్న దోమలు ఎగిరిపోవును. చెమట కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. దినమెల్ల దోమలను చీల్చి చూచినను ఏమియు కనబడలేదు. ఆయన అంతవరకు పరీక్షించినవి మలేరియాను మోయని జాతి దోమలు. కావుననే రెండేండ్ల శ్రమ ఫలింపలేదు.

ఆగస్టు నెలలో ఒక సేవకుడు రెక్కలపై మచ్చలున్న వేఱొక జాతి దోమలను తెచ్చి యిచ్చెను. ఆగస్టు 16వ తేదీన హుసేన్ ఖాన్ అను మలేరియా రోగి వానిచేత కుట్టించుకొనుటకు అంగీకరించెను. ఒక్కొక్క దోమ కాటునకు ఒక్కొక్క అణా అతనికి ప్రతిఫలము. నాలుగు దినముల పిమ్మట, ఆగస్టు 20వ తేదీన, మిగిలిన కొద్ది దోమలలో నొకదానిని చీల్చి చూడగా దాని కడుపుగోడలో నల్లని రేణువులతో కూడిన గుండ్రని కణములు కనబడెను. అవి మలేరియా జీవులే. నాటినుండి ఆ తేదీ లోకమున దోమల దినముగా పరిగణింపబడుచున్నది.

పని ముగియకముందే ప్రభుత్వము ఆయనను మలేరియా అరుదైన రాజపుత్రస్థానపు ఖేర్వారాకు బదిలీచేసెను. అచట నెలలు గడచిపోయెను. మాన్సన్ మొదలగువారి ప్రయత్నమున 1898లో కలకత్తాకు పోవ వీలయ్యెను. మనుష్యులపై ప్రయోగములు సాగకపోగా పక్షులకు వచ్చు మలేరియాను తీసికొని, మహమ్మద్ బక్షు అను సహాయకుని తోడ్పాటుతో జూలై నెలలో విషయమును తుదముట్ట నిరూపించెను. రోగముగల పక్షిని కుట్టిన దోమ కడుపులో ఆ జీవులు పెరిగి, దాని లాలాజలగ్రంథులకు చేరి, అది ఆరోగ్యముగల పక్షిని కుట్టినపుడు ఆ పక్షిలో ప్రవేశించునని తేలెను. 1902లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. ఆ బహుమానము నందిన మొదటి బ్రిటిషువాడాయనయే. ఇటలీదేశపు గ్రస్సి అను శాస్త్రజ్ఞుడు మనుష్యుల మలేరియాను మోయునది అనోఫిలీసు జాతి దోమ యని అదే కాలమున నిరూపించియుండెను. ఇద్దఱి నడుమ కలిగిన వివాదము కడు కటువైనది. రాసు ఆ విషయమున జీవితాంతము మెత్తబడలేదు. గొప్పవారియందును కొఱతలుండునని చెప్పుటకు దీనిని దాచనక్కఱలేదు.

దోమను లెక్కించుట

1899లో ఉద్యోగము విడిచి రాసు లివర్‌పూలు వైద్యపాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. ఇక ఆయన తపన యంతయు ఒక్కటే: తెలిసిన సంగతిచేత ప్రజల ప్రాణములు కాపాడవలెను. దోమలను తగ్గింపుడని ఊరూర చెప్పెను. సూయజు కాలువపైనున్న ఇస్మాయిలియా పట్టణములో ఆయన సలహాప్రకారము గుంటలు పూడ్చి నీటి నిలువలు తీసివేయగా మలేరియా మిక్కిలి తగ్గెను. కాని లాహోరు దగ్గఱ మియాన్ మీరు దండులో చేసిన ప్రయత్నము ఫలింపలేదని కొందఱు ప్రకటించిరి. అన్ని దోమలను చంపుట అసాధ్యము. కొన్ని మిగిలినను రోగము మిగులును. కావున ఈ ప్రయాస వ్యర్థము అని వారి వాదము. వినుటకిది సబబుగానే తోచును. దీనికి సమాధానము మాటలతో గాక లెక్కలతో చెప్పవలెనని రాసు పూనుకొనెను.

మొదటి ప్రశ్న ఇది. ఒక ఊరి నడుమ వృత్తాకారముగ నున్న భూమిలో దోమలు పుట్టకుండ చేసినచో, వెలుపలనుండి ఎగిరివచ్చు దోమలు ఎంత లోపలికి రాగలవు? దోమ తిన్నగా పోదు; ఒకసారి ఇటు, ఒకసారి అటు, గాలివాటున తిరుగును. అట్టి దిక్కులేని నడక యెంతదూరము చేరును? 1904లో అమెరికాలోని సెంట్ లూయీ నగరమున జరిగిన మహాసభలో ఆయన ఈ ప్రశ్నను చర్చించెను. కార్ల్ పియర్సన్ అను గణితజ్ఞుని సాయము కూడ కోరెను. 1905లో పియర్సన్ ఆ సమస్యను ఒక ప్రసిద్ధ శాస్త్రపత్రికలో లోకము ముందుంచెను. యాదృచ్ఛిక నడక యని శాస్త్రజ్ఞులు నేడు పిలుచు గణితభాగమునకు ఆ పేరు అచటనే కలిగినది.

రెండవ ప్రశ్న ఇంకను గొప్పది. 1908లో మారిషస్ ద్వీపమును గూర్చిన నివేదికలోను, 1910లో వెలువడిన మలేరియా నివారణ గ్రంథపు రెండవకూర్పునకు 1911లో చేర్చిన భాగములోను ఆయన దానిని విచారించెను. దాని సారమును చిన్న ఉదాహరణముతో చెప్పుదును. ఇందలి సంఖ్యలు సులభముగ తెలియుటకై కల్పించినవి.

ఒక గ్రామమున ఒక రోగి యున్నాడనుకొందము. ఒక నెలలో 40 దోమలు అతని రక్తము త్రాగినవి. మలేరియా జీవి దోమలో పెరుగుటకు సుమారు పది దినములు పట్టును. అన్ని దోమలు అంతకాలము బ్రతుకవు. నాలుగింట నొకటి బ్రతికెననుకొన్న 10 దోమలు మిగిలినవి. వానిలో అయిదింట నొకటి ఆరోగ్యవంతుని కుట్టి రోగము నంటించినచో క్రొత్త రోగులు 2. ఒకడు ఇద్దఱగును, ఇద్దఱు నలుగురగుదురు, పదవ విడతకు 1024 మంది యగుదురు. ఇప్పుడు గుంటలు పూడ్చి దోమలను నాలుగవ వంతునకు తగ్గించితిమి. ఆ రోగి రక్తము త్రాగు దోమలు 10 మాత్రమే. అదే లెక్కను కొనసాగించిన ఒక రోగికి సగటున అర రోగి మాత్రమే తేలును. అనగా 100 మంది రోగులనుండి 50 మంది, వారినుండి 25 మంది. ఇట్లు తగ్గి తగ్గి రోగము తనంతట తానే నశించును. ఒక్క దోమయు మిగులకుండ చంపనక్కఱలేదు. ఒకనినుండి ఒకనికంటె తక్కువమందికి సోకునట్లు చేసిన చాలును. ఇదియే రాసు కనుగొన్న కీలకము.

1916, 1917 సంవత్సరములలో హిల్డా హడ్సన్ అను గణితపండితురాలితో కలసి ఆయన ఈ సిద్ధాంతమును ఇతర వ్యాధులకును, ఒకనినుండి ఒకనికి ప్రాకు ఇతర విషయములకును విస్తరించెను. ఆయనతో సియెర్రా లియోనునకు పోయిన మెకెండ్రిక్ అను వైద్యుడు, కెర్మాక్ అను అంధుడైన శాస్త్రజ్ఞునితో చేరి 1927లో దీనిని పూర్ణముగ రూపొందించెను. ప్రజలను సోకదగినవారు, సోకినవారు, కోలుకొన్నవారు అని మూడు తెగలుగా విభజించి చేయు లెక్క వారిదే. 2020లో కరోనా వ్యాధి ప్రబలినపుడు ఒక్కొక్క రోగి సగటున ఎందఱికి అంటించుచున్నాడని పత్రికలలో వచ్చిన సంఖ్య ఈ వంశములోనిదే. ఆ సంవత్సరము మార్చి 20వ తేదీనుండి తిరుమలలో భక్తులకు దర్శనము నిలిపివేయబడుటయు, మన పాఠశాలలు మూతపడుటయు ఆ సంఖ్యను ఒకటికి లోపల తెచ్చుటకైన ప్రయత్నములే.

వలయు, ముడులును

ఇక సెల్‌ఫోనులకు వచ్చెదము. ఒక్కొక్క ఫోనును వలలోని ముడిగాను, ఇద్దఱి నడుమ జరుగు సంభాషణను ముడినుండి ముడికి పోవు దారముగాను భావింపుడు. ఒక ముడివద్ద మొదలైన వార్త దారముల వెంట ప్రాకును. రాసు లెక్కలో దోమ చేయు పనిని ఇచట దారము చేయును. ఏ ముడినుండి మొదలైన వార్త ఎక్కువ ముడులకు చేరునో తెలిసికొనుటయే ప్రభావమును కొలుచుట.

కొలుచు విధము ఇట్టిది. ఒక ముడిని ఎన్నుకొని వార్త అచట పుట్టినదని గణనయంత్రమునకు చెప్పుదురు. ఒక్కొక్క పరిచితునికి ఆ వార్త చేరుటకు, చెప్పవలెనన్న, పదింట నొక అవకాశమున్నదని నిర్ణయింతురు. వార్త ఆగిపోవువరకు నడపించి ఎన్ని ముడులకు చేరెనో లెక్కింతురు. ఇది పాచికలవంటిది గనుక ఒక్కసారి చాలదు. వేయిసార్లు నడపించి సగటు తీయుదురు. ఇట్లే ప్రతి ముడికిని చేసి, ఏది మొదటిది, ఏది కడపటిది అని వరుస కట్టుదురు. యాదృచ్ఛిక నడకను గూడ ఉపయోగింతురు: ముడినుండి ముడికి దిక్కులేక తిరుగు బాటసారి ఏ ముడికి తఱచుగ వచ్చునో అది ముఖ్యమైన ముడి. నాటి దోమ నడకయే నేడు బాటసారి నడకయైనది.

ఎక్కువ పరిచయములున్నవాడే ఎక్కువ ప్రభావముగలవాడని మనకు తోచును. అది కొంతవఱకే నిజము. మన ప్రాంతపు రైలుమార్గములను చూడుడు. యాత్రికుల సంఖ్యలో తిరుపతికి రేణిగుంట సాటిరాదు. కాని గూడూరు, అరక్కోణము, కడప, తిరుపతి వైపులకు పోవు మార్గములన్నియు రేణిగుంటలో కలియును. పాకాల ఇంకను చిన్నది. అయినను తిరుపతినుండి చిత్తూరు, కాట్పాడి పోవు మార్గమును, మదనపల్లె మీదుగ ధర్మవరము పోవు మార్గమును అచటనే చీలును. పాకాల యొకటి నిలిచిపోయినచో ఎన్ని ఊళ్లు ఒకదానికొకటి దూరమగునో పటము చూచినవారికి తెలియును. మనుష్యుల వలలోను అంతే. రెండు గుంపుల నడుమ నున్న ఒక సామాన్యుడు, నూఱు పరిచయములున్నవానికంటె ముఖ్యుడు కావచ్చును. 2007లో ఐరోపాలోని యొక దేశమున లక్షలాది సెల్‌ఫోను సంభాషణలను పేర్లు తొలగించి పరిశీలింపగా, తఱచుగా మాటలాడుకొను మిత్రుల దారములు తెగినను వల అట్టే నిలిచెననియు, అరుదుగా మాటలాడు పరిచితుల దారములు తెగినచో వల ముక్కలయ్యెననియు తేలినది. 2010లో వెలువడిన మఱియొక పరిశోధన, వలయొక్క నడిగుంపులో నుండువాడు అంచున నుండి అనేక పరిచయములు గలవానికంటె ఎక్కువగ వ్యాపింపజేయునని చూపినది.

సెల్‌ఫోను వలలో ఇంకొక చిక్కు గలదు. ముడులు కదలుచుండును, దారములు ఒక గడియ యుండి మఱియొక గడియ యుండవు. చంద్రగిరినుండి ప్రొద్దున తిరుపతికి వచ్చిన పాలవ్యాపారి ఒక దుకాణదారునితో మాటలాడెను. ఆ దుకాణదారుడు సాయంకాలము శ్రీకాళహస్తిలోని తమ్మునితో ఫోనులో మాటలాడెను. చంద్రగిరి వార్త ఆ దినమే శ్రీకాళహస్తి చేరగలదు. శ్రీకాళహస్తి వార్త మాత్రము ఆ త్రోవన ఆ దినము చంద్రగిరి చేరజాలదు. దారములు అవియే, ముడులు అవియే, కాలక్రమమే భేదము. కావున ఎవరు ఎవరితో మాటలాడిరనుటతో పాటు ఎప్పుడు మాటలాడిరో గూడ లెక్కింపవలసియుండును.

ఫోనులకు నిజముగనే అంటురోగమువంటివి కలవు. 2004లో కాబిర్ అను హానికర క్రమణిక దగ్గఱ దగ్గఱగా నున్న ఫోనుల నడుమ బ్లూటూత్ ద్వారా ప్రాకెను. అది ఒక్క సింబియాన్ జాతి ఫోనులకే సోకునది. 2009లో 60 లక్షలకు పైబడిన వాడుకదారుల రాకపోకలను పరిశీలించినవారు ఒక చక్కని సంగతి కనుగొనిరి. సందేశములద్వారా ప్రాకు క్రమణిక గంటలలో వ్యాపింపగలదు. కాని అది సోకదగిన జాతి ఫోనులు వాడువారు ఒక మేరకు తక్కువగ నున్నచో, ముడులు ఒండొంటికి అందక వ్యాప్తి నిలిచిపోవును. దోమలు ఒక మేరకు తగ్గినచో మలేరియా నిలువజాలదని నూఱేండ్ల క్రిందట రాసు చెప్పినదియు ఇట్టి సంగతియే.

ఒక దుర్ఘటన, ఒక లెక్క

ఇదంతయు పండితుల వినోదము కాదు. 2018లో పిల్లలను ఎత్తుకొనిపోవు దొంగలు వచ్చిరను వదంతి తెలుగు ప్రాంతములలోను, పొరుగున నున్న తమిళదేశములోను, మఱి యితర రాష్ట్రములలోను ఫోనునుండి ఫోనునకు ప్రాకెను. దానిని పంపినవారిలో అనేకులు దుష్టులు కారు. తమ పిల్లల క్షేమమును, పొరుగువారి పిల్లల క్షేమమును కోరి పంపినవారే. అయినను భాష తెలియని బాటసారులును, దిక్కులేని బిచ్చగాండ్రును గుంపుల చేతులలో చిక్కి ప్రాణములు గోల్పోయిరి. వదంతిని మొదట పుట్టించినవానిని పట్టుకొనుట దుర్లభము. పట్టుకొన్నను అది అప్పటికే వేలకొలది ముడులకు చేరియుండును.

అపుడు వాట్సాప్ సంస్థ ఏమి చేసెను? ఆ సంవత్సరము జూలై నెలలో మన దేశమున ఒక సందేశమును ఒక్కసారికి అయిదు చోట్లకు మించి పంపరాదని నియమించెను. 2020 ఏప్రిల్ నెలలో, అప్పటికే అనేకులు పంపుచు వచ్చిన సందేశమును ఒక్కసారికి ఒక్కచోటికే పంపవలెనని కట్టుచేసెను. అట్టి సందేశముల పంపకము నూటికి 70 వంతులు తగ్గెనని ఆ సంస్థ తరువాత ప్రకటించినది. అబద్ధమాడువారి నందఱిని పట్టుకొనుట కాదు, ఒక్కొక్కని చేతినుండి అది పోవు చోట్లను తగ్గించుట. బెంగుళూరులో నీటితొట్టిని బోర్లించిన యుక్తియు, మారిషస్ నివేదికలోని లెక్కయు ఇందున్నవి. రాసు పేరు తలపనివారును రాసు త్రోవనే నడచిరి.

చివరి సంవత్సరములు

రాసునకు 1911లో సర్ బిరుదము లభించెను. 1914లో యూరపు మహాయుద్ధ ప్రారంభమున ఆయన పెద్దకుమారుడు రణరంగమున మరణించెను. తాను చేసిన మేలునకు తగిన ప్రతిఫలము ప్రభుత్వమువలన కలుగలేదని ఆయన తుదవరకు నొచ్చుకొనుచుండెను. 1923లో స్వీయచరిత్రమును ప్రకటించెను. 1926లో లండనునందు ఆయన పేర పరిశోధనాలయము నెలకొల్పబడెను. భార్య 1931లో గతించెను. ఆయన 1932 సెప్టెంబరు 16వ తేదీన, 75వ యేట, అదే పరిశోధనాలయములో మరణించెను. ఆ సంస్థకే తరువాత అధిపతియైన జార్జి మక్డోనాల్డు 1950 తరువాతి సంవత్సరములలో రాసు సమీకరణములను మెఱుగుపఱచి, వైద్యలోకము వానిని స్వీకరించునట్లు చేసెను. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనము ఉస్మానియా విశ్వవిద్యాలయపు సంరక్షణలో స్మారకముగ నిలిచినది. హైదరాబాదు పోవు విద్యార్థులు దానిని చూచుట మంచిది.

రాసు తన గణితమును తన యావిష్కరణముకంటె తక్కువదిగా తలంపలేదు. కాని జీవించియుండగా ఆ లెక్కలను చదివినవారు కొద్దిమందియే. మంచి విత్తనము నాటినవాడు చెట్టు నీడను చూడకపోవచ్చును.

ఈ చరిత్రమునుండి మన బాలబాలికలు గ్రహింపవలసినది ఒకటి కలదు. పెద్ద కీడు నెదుర్కొనుటకు పెద్దవారే కావలెనని తలంపరాదు. మాన్సన్ ఊహ రాసునకు చేరెను. మచ్చలరెక్కల దోమలను ఒక సేవకుడు తెచ్చెను. హుసేన్ ఖాన్ చేయి చాపెను. మహమ్మద్ బక్షు పక్షులను సంరక్షించెను. వీరిలో ఒక్క ముడి తెగినను ఆ ఫలము అప్పటికి అందకపోయెడిది. కీడునకు గూడ అదే నియమము. మీ చేతిలోని ఫోనునకు ఒక భయంకర వార్త వచ్చినపుడు, అది నిజమో కాదో తెలియకున్నచో, దానిని మీయొద్దనే ఆపుడు. ఒక్కడు ఆపిన ఏమగునని అనుకొనవలదు. లెక్క తెలిసినవారు అట్లనరు. ఒక్కొక్కడు పంపుచోట్లు రెండునుండి ఒకటికి లోపల దిగినచో వేయిమందికి చేరవలసిన అబద్ధము నలుగురితో చచ్చును. పాఠము బాగుగ వచ్చిన బాలుడు తోటివానికి నేర్పినచో, ఆ మేలు గూడ అదే లెక్కప్రకారము పెరుగును. ఏది మన చేతిమీదుగ పోవలెను, ఏది మనవద్ద ఆగవలెను అని నిర్ణయించుకొనుట ప్రతి ముడికిని గల అధికారము. అది చిన్న అధికారమే. కాని ఊరి ఆరోగ్యమును, ఊరి శాంతియు దానిమీదనే నిలిచియున్నవి.